మన మాటల ఊరూ పేరూ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్లు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. "ఇంజనీరువి కదా, మెట్రో గురించో ఫ్లైఓవర్ల గురించో నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు. ముప్ఫై ఏళ్లుగా సిమెంటు గురించే మాట్లాడుతున్నాను, ఈ ఒక్క రోజుకి వదిలెయ్యండి, మాటల గురించి చెప్పుకుంటాను అని బతిమాలాను. ఆదివారాల్లో నిఘంటువులు తిరగెయ్యడం నాకున్న వ్యసనం. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది.

ముందు మన వెనకున్న బ్యానర్ చూడండి. ఆలమ్నీ, గోల్డెన్ జూబ్లీ అని ఉంది. ఆలమ్నీ లాటిన్ మాట. దాని ధాతువుకి అర్థం అన్నం పెట్టడం, పెంచడం. రోమన్ల కాలంలో ఆ మాటకి పెంపుడు బిడ్డలని అర్థం. అంటే మనందరం ఈ బడి సాకిన బిడ్డలం. జూబ్లీ హీబ్రూ మాట, పొట్టేలు కొమ్ముతో చేసిన బూర. యూదులు యాభయ్యో ఏడు వచ్చిందంటే ఆ బూర ఊదేవారు, బానిసల్ని విడిచిపెట్టేవారు, చేతులు మారిన భూమిని పాత యజమానికి తిరిగిచ్చేవారు. అసలు జూబ్లీ అంటేనే యాభై. కాబట్టి ఇరవై అయిదేళ్లప్పుడు మనం చేసుకున్న సిల్వర్ జూబ్లీ లెక్క ప్రకారం అరబూర మాత్రమే. ఇవాళ్టిది పూర్తి బూర. భూములు తిరిగిచ్చే సంగతి మాత్రం ఎల్బీనగర్ చుట్టుపక్కల ఎవరి దగ్గరా ఎత్తకండి.

మెట్రో గురించి చెప్పమన్నారు కాబట్టి మెట్రో ఎక్కిస్తాను. 2018 సెప్టెంబరులో మన లైను మొదలయినప్పటి నుంచి నేను ఎల్బీనగర్‌లోనే ఎక్కుతున్నాను. మా పక్క ఫ్లాటు అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఎల్బీ అంటే ఏంటి బాబూ అని అడిగితే ఫోన్ తీశాడు. లాల్ బహదూర్ అని మనకి తెలుసు. శాస్త్రి అనేది ఆయన ఇంటిపేరు కాదని ఎంతమందికి తెలుసు? అది కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టా, మన బీఏ లాంటిది. కులం తెలిపే శ్రీవాస్తవ అన్న పేరును ఆయన చిన్నతనంలోనే వదిలేశారు. ఆ తర్వాత చదువే ఆయన పేరయింది. మనవాళ్లు ఆ చదువును కూడా తీసేసి రెండు ఇంగ్లీషు అక్షరాలు మిగిల్చారు.

తర్వాతి స్టేషన్ విక్టోరియా మెమోరియల్, ఇంగ్లండు రాణి పేరిట నిజాం కాలంలో పెట్టిన అనాథాశ్రమం. ఆ పక్కనే సరూర్‌నగర్. సురూర్ అంటే అరబ్బీలో ఆనందం. రెండో నిజాం దగ్గర దివానుగా చేసిన అరిస్తూ జా తన బేగం సరూర్ అఫ్జా పేరు మీద ఈ చోటికి ఆ పేరు పెట్టారంటారు. ఇప్పుడు ఆ దివాను గారి బిరుదు చూడండి. అరిస్తూ అంటే ఎవరో కాదు, గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. అరిస్టాటిల్ అంతటి వాడని బిరుదిచ్చారు. చిన్నప్పుడు మనం గాలిపటాలు ఎగరేసిన చెరువుగట్టుకి అరిస్టాటిల్‌తో చుట్టరికం ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌ని కండక్టర్లు ఎప్పుడూ దిల్‌షుక్ అనే పిలిచారు, ఇప్పటికీ అంతే. దిల్ అంటే పారశీకంలో గుండె, సుఖం మన సంస్కృతం. ఇక్కడి తన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మిన దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ పేరు అది. మన ప్రాంతంలో రియల్ ఎస్టేట్ నిన్న మొన్నటిది కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. సరూర్‌నగర్ ఆనందం, దిల్‌సుఖ్‌నగర్ మనసుకి సుఖం. రెండు ఆనందాలు పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో ట్రాఫిక్.

మూసారాంబాగ్ దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మూసీ పక్కన ఉంది కాబట్టి మూసారాం అని మనలో చాలామంది అనుకుంటాం. అది ఒక ఫ్రెంచి ఆయన పేరు. 1755లో ఫ్రాన్సులో పుట్టిన మిషెల్ రేమాన్ ఇక్కడికొచ్చి, రెండో నిజాం సైన్యంలో చేరి, వేలమందికి కవాతు నేర్పాడు, ఫిరంగులు పోయించాడు. ఫ్రెంచిలో అయ్యా అని పిలవడానికి మొస్యూ అంటారు. ఆ మొస్యూ రేమాన్‌ని ఇక్కడి ముస్లింలు మూసా రహీం చేసుకున్నారు, హిందువులు మూసా రాం చేసుకున్నారు. ఆయన 1798 మార్చిలో పోయాడు. అదే సంవత్సరం ఇంగ్లీషువాళ్లు ఆయన తయారుచేసిన దళాన్ని ఆయుధాలు కింద పెట్టించి రద్దు చేశారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. ఫౌజు పోయింది, తోట పోయింది, పేరు మాత్రం మెట్రో స్పీకర్లో రోజంతా మూడు భాషల్లో వినిపిస్తోంది. పరదేశి పేరుని తలా ఒక దేవుడి వైపు తిప్పుకుని తనవాణ్ణి చేసుకున్న ఊరు మనది.

ఇలాంటివి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. చెవికింపుగా ఉన్న ప్రతి కథా నిజం కాదు. ఇంగ్లీషులో న్యూస్ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అది తప్పు, కొత్త సంగతులని మాత్రమే ఆ మాటకి అర్థం. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి కథ మీకందరికీ తెలుసు. గుడి పడగొట్టడానికి వచ్చిన ఔరంగజేబుకి, ముందు మనసు గట్టి చేసుకో, కర్ మన్ ఘట్ అని లోపలి నుంచి గొంతు వినిపించిందని చెప్తారు. మా నాయనమ్మ ఈ కథ చెప్తుంటే ఒళ్లు జలదరించేది. కథగా దాన్ని నేను వదులుకోను. కానీ ఊరి పేరుకి సాక్ష్యంగా తీసుకోను. సిమెంటు బస్తా మీద రాసిన గ్రేడ్ చూసి శ్లాబు పొయ్యం కదా, క్యూబులు పోసి విరగ్గొట్టి చూస్తాం. మాటకీ అలాంటి పరీక్షే. పాత రూపం ఎక్కడైనా దొరుకుతుందా, పక్క భాషలో తోబుట్టువు ఉందా అని చూడాలి.

ఆ పరీక్షకి నిలబడిన ఒక పండు సంగతి చెప్తాను. మన బళ్లో మధ్యాహ్నం భోజనం లేదు, మనల్ని సాకింది గేటు బయట బండివాళ్లు. రేగుపళ్లు, ఉప్పూకారం చల్లిన మామిడిముక్కలు, సీమచింతకాయలు. సీమ అని పేరులో ఉందంటే సముద్రం దాటి వచ్చిందని గుర్తు. సీమచింత మెక్సికో వైపు చెట్టు. సీతమ్మవారి పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా అమెరికా ఖండం నుంచే వచ్చింది, అయినా బాలానగర్ సీతాఫలం అంటే మనకి పాలమూరే. మిరపకాయ అంతే. అది రాకముందు మన కారమంతా మిరియాలదే. ఆ మిరియం పేరుతోనే కొత్తకాయకి మిరప అని పేరు పెట్టుకున్నాం.

అసలు పండు బత్తాయి. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో, అది బాటసింగారం పోకముందు, బత్తాయి సీజన్‌లో ఆ వాసన హైవే మీదికి వచ్చేది. మా క్లాసులో నల్గొండ పిల్లలు దాన్ని బత్తాయి అనేవారు. మా ముందు బెంచీలో అనంతపురం నుంచి వచ్చిన ఒకడు చీనీకాయ అన్నాడు. క్లాసంతా నవ్వింది, వాడికి సంవత్సరమంతా చీనీ అనే పేరు పడిపోయింది. జ్యూస్ బండి మీదేమో మోసంబి అని రాసి ఉండేది. ఒకే పండుకి మూడు పేర్లు.

బత్తాయికి పాత రూపం బత్తావి. బటావియా నుంచి వచ్చిందని అర్థం. డచ్చివాళ్లు ఏలిన జావా దీవి రాజధాని అది, ఇవాళ్టి జకార్తా. బెంగాలీలు పంపరపనసని బాతాబి లేబు అంటారు, అదీ ఆ ఊరి పేరే. మోసంబి ఆఫ్రికాలోని మొజాంబిక్ పేరు. చీనీ అంటే చీనాది. ఒక్క గ్లాసు రసంలో మూడు దేశాలు. వీటిలో ఏది నిజం అని అడుగుతారేమో. పంపరపనస, కమలా జాతులు కలిసి ఈ తీపి నారింజ జాతి పుట్టింది చీనా వైపే. మనం నవ్విన ఆ అనంతపురం పిల్లవాడి మాటే పుట్టింటికి అందరికన్నా దగ్గర. ఇంకో తమాషా. మనం డచ్చివాళ్ల ఊరి పేరు పెట్టుకున్నామా, ఆ డచ్చివాళ్లు మాత్రం తమ భాషలో నారింజని చీనా యాపిల్ అంటారు. అరబ్బులు దాన్నే బుర్తుకాల్ అంటారు, అంటే పోర్చుగల్. ఎవరికి ఏ ఓడలో వస్తే ఆ రేవు పేరు పెట్టుకున్నారన్నమాట.

మరి నారింజ? అది ఎదురు దిక్కులో పోయింది. దక్షిణాది భాషల్లో పుట్టిందని పండితులు భావించే ఆ మాట సంస్కృతంలో నారంగ, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పెయిన్‌లో నరాంహ అయింది. ఫ్రాన్సు, ఇటలీ దాకా పోయేసరికి ముందున్న నకారం జారిపోయి ఆరెంజ్ అయింది. ఇంగ్లీషు మీడియం పిల్లలు మొదటి పుస్తకంలో ఓ ఫర్ ఆరెంజ్ అని చదివేది మన నారింజ మనవరాలినే. అలాగే మన పందికొక్కుని ఇంగ్లీషువాళ్లు బాండికూట్ అని తీసుకుపోయి, ఆస్ట్రేలియాలో కనిపించిన వేరే జంతువుకి తగిలించారు. 1996లో ఆ పేరుతోనే క్రాష్ బాండికూట్ అని వీడియో గేమ్ వచ్చింది. మా అబ్బాయి రోజుల తరబడి ఆడాడు. నువ్వు ఆడుతున్నది పందికొక్కురా అంటే నమ్మలేదు.

ఇక మా సైటుకి రండి. అక్కడ కాంక్రీటు మోసేది గమేళాలో. గమేల పోర్చుగీసు మాట, చెక్కతొట్టి. ఇంట్లో అల్మారా, చొక్కాకి బొత్తాం కూడా ఆ ఓడల్లోనే దిగాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలువల మీద పనిచేశాను. తూము తలుపులెత్తే మనిషిని అక్కడ లష్కరు అంటారు. లష్కర్ అంటే పారశీకంలో సైన్యం. సికింద్రాబాదు లష్కర్ బోనాల్లో ఉన్న లష్కర్ అదే. కత్తి పట్టిన మాట చివరికి పారతో చేనుకి నీళ్లు పెట్టింది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది మేస్త్రీ. పోర్చుగీసులో మెస్త్రె, దానికి తల్లి లాటిన్ మాట మాగిస్టర్, అంటే నేర్పేవాడు, పెద్ద. ఆ మాగిస్టరే ఇంగ్లీషులో మాస్టర్ అయింది, మన నోట్లో మాస్టారు అయింది. అంటే మేస్త్రీ, మాస్టారు ఒకే మాట, రెండు ఓడల్లో దిగింది. కాలేజీ నుంచి పట్టా పుచ్చుకుని వెళ్లిన నాకు, గోడ తూకం చూడటానికి దారం ఎలా పట్టుకోవాలో, ఇసుకని పిడికిట్లో నలిపి మట్టి ఎంతుందో ఎలా చెప్పాలో నేర్పింది ఒక తాపీ మేస్త్రీ. చదువు లేని మనిషి. ఆయనకి నేను గురువుగారూ అని నమస్కారం పెడితే మా జూనియర్ ఇంజనీర్లు వింతగా చూసేవారు. నిఘంటువు నా పక్షాన ఉంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. ఏడో తరగతిలో మాకు "మా ఊరు" అని వ్యాసం ఇచ్చారు. నా పక్క బెంచీ మిత్రుడు చిట్యాల అవతలి పల్లె నుంచి వచ్చి, బాబాయి ఇంట్లో ఉండి చదువుకునేవాడు. "మా అవ్వకు పానం బాగలేకపోతే దవాఖానకు తీస్కపోయిన్రు" అని రాశాడు. నోటుబుక్కు తిరిగొచ్చేసరికి దవాఖాన చుట్టూ ఎర్రసిరా సున్నా. పానం చుట్టూ ఒకటి, తీస్కపోయిన్రు చుట్టూ ఒకటి. పక్కన, "ఇది తెలుగు కాదు. ఆసుపత్రి అని రాయవలెను." ఆ వాక్యాన్ని క్లాసులో పైకి చదివించారు కూడా. దిద్దిన మాస్టారిని నేనేమీ అనను. ఆయన చదువుకున్న పుస్తకాల్లో అలాగే ఉంది, శ్రద్ధగా దిద్దారు. మా ఇళ్లల్లో కూడా, ముఖ్యంగా కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మాలాంటి ఇళ్లల్లో, అదే అభిప్రాయం. కానీ మా వాడు ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా క్లాసులో లేచి ఒక్క జవాబు చెప్పలేదు. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. తెలిసిన జవాబుని నా నోటుబుక్కు మూలన రాసి, నువ్వు చెప్పు అని మోచేత్తో పొడిచేవాడు. నాకు లెక్కల్లో వచ్చిన మంచి పేరులో సగం వాడిది. ఇవాళ మూడో వరుసలో కూర్చున్నాడు. చెప్పనా అని ముందే అడిగాను. చెప్పు గానీ పేరు ఎత్తకు అన్నాడు.

ఆ సున్నాని నేను చాలా ఏళ్లు మోశాను. అందుకే ఆ రెండు మాటల జాతకాలూ తీశాను. దవా అరబ్బీలో మందు, ఖానా పారశీకంలో ఇల్లు. దవాఖాన అంటే మందులిల్లు, అర్థం స్పష్టంగా ఉంది. మరి తెలుగని మాకు చెప్పిన ఆసుపత్రి? అది ఇంగ్లీషు హాస్పిటలే. మన నాలుక మీద నలిగి, చివర పత్రి అంటే ఆకు చేరడంతో మూలికల వాసనొచ్చి మనదయిపోయింది. సంస్కృతంలో వైద్యశాల ఉంది, అదీ ఒకప్పుడు తెచ్చుకున్నదే. మూడూ బయటివే, మూడూ మనవే. ఒకదానికి సున్నా చుట్టి మరొకదానికి మార్కులు వెయ్యడానికి భాషలో కారణమేమీ లేదు. ఆ కారణాలు వేరే చోట ఉన్నాయి, అవి ఈ వయసులో మీకు నేను చెప్పక్కర్లేదు. 2018లో ప్రభుత్వమే మన బస్తీల్లో బస్తీ దవాఖాన అని బోర్డులు పెట్టింది. మా వాడు ఆ బోర్డు ఫోటో తీసి నాకు పంపాడు. కింద ఏమీ రాయలేదు.

హాస్పిటల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. దాని మూలం లాటిన్‌లో హాస్పెస్, అంటే అతిథి, ఆతిథ్యమిచ్చేవాడు కూడా. దాన్నుంచే హోటల్, దాన్నుంచే హాస్టల్. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నిలబడి ఎటు చూసినా ఈ మూడే బోర్డులు. కోచింగ్‌కి వచ్చిన పిల్లవాడు హాస్టల్లో దిగుతాడు, హోటల్లో తింటాడు, ఆ తిండికి హాస్పిటల్లో చేరతాడు. ఎక్కడికి పోయినా వాడు అతిథే, బిల్లు మాత్రం మూడు చోట్లా కట్టాలి.

పదిహేను నిమిషాలు దాటిందని సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. ఒక విన్నపం చేసి దిగిపోతాను. మా అమ్మ పోయిన తర్వాత, ఆవిడ వాడిన వంటింటి మాటలు కొన్ని ఇంట్లో ఇంకెవరి నోటా రావడం లేదని నాకు తెలిసింది. మీ ఇళ్లల్లోనూ ఉంటాయి. మన బడిలో నల్గొండ, పాలమూరు, ఖమ్మం, గుంటూరు, అనంతపురం, పాతబస్తీ, అన్ని రకాల ఇళ్ల పిల్లలూ చదివారు. ఇంతమంది మళ్లీ ఒకచోట ఎప్పుడు దొరుకుతారో తెలియదు. అందుకని వెనక, చాయ్ బల్ల పక్కన, రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి పెట్టించాను. మీ ఇంట్లో మాత్రమే విన్న మాట, బడిలో అంటే నవ్వుతారని దాచుకున్న మాట ఏదైనా అందులో రాయండి. మాట, దాని అర్థం, మీ ఇంట్లో ఎవరు అనేవారు, ఏ ఊరు, ఈ నాలుగూ ఉంటే చాలు. తప్పొప్పులు ఎవరూ దిద్దరు. నిండిన తర్వాత బడి లైబ్రరీలో పెట్టడానికి హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. పిల్లలు వాళ్ల ఇంటి మాటలు కలపడానికి వీలుగా వెనక వంద పేజీలు ఖాళీగా వదలండి.

పెన్ను బల్లకి దారంతో కట్టేశాను. మన బ్యాచ్‌ల సంగతి నాకు తెలుసు కదా.